కరక్కాయ, కీళ్ళవాపు: హైదరాబాదు పరిశోధనశాలలో తేలినదేమిటి?

మా ఓడలరేవులో మోకాళ్ళ నొప్పి లేని ఇల్లు వెదకి పట్టుకోవడం కష్టం. వైనతేయ నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఊరు ఇది. ఆడవారు ఎండుచేపలు ఏరుతూనో, కొబ్బరిపీచు పని చేస్తూనో గొంతుక్కూర్చుని పూటలకు పూటలు గడుపుతారు. మగవారు పడవలు నెట్టి, వలలు లాగి, కొబ్బరికాయలు దింపి నడుములు అరగదీసుకుంటారు. ఆయుర్వేద వైద్యం చేసే నా వద్దకు వచ్చేవారిలో సగానికి పైగా కీళ్ళ బాధతో వచ్చేవారే.

వీరిలో రెండు తెగలవారు ఉన్నారు. మొదటి తెగవారు చీటీ లేకుండా మందుల దుకాణంలో నొప్పి బిళ్ళ కొని, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున నెలల తరబడి మింగుతారు. అట్లా మింగిన పెద్దాయన ఒకరు కడుపులో పుండుపడి, నల్లని విరేచనాలతో ఆసుపత్రి పాలైన సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. రెండవ తెగవారికి ఇంగ్లీషు బిళ్ళ అంటేనే భయం. పసుపు, కరక్కాయ, శొంఠి ఉండగా మరొకటి ఎందుకని వీరి వాదం. ఇటీవల ఈ రెండు తెగలవారూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. “కరక్కాయలో నొప్పి బిళ్ళను మించిన మందు ఉందని మన హైదరాబాదు శాస్త్రజ్ఞులు కనిపెట్టారట కదండీ, ఇంక ఆ బిళ్ళలు మానెయ్యొచ్చాండీ?”

పరిశోధన జరిగిన మాట వాస్తవం. అది తెలుగునాట జరిగిన మంచి పని. అయితే బిళ్ళలు మానవచ్చునా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే సమాధానం లేదు. ఎవరు మానవచ్చు, ఎవరు మానితే వేళ్ళు వంకరపోతాయి అన్నది తెలియాలంటే ఆ పరిశోధనలో ఏమి చూశారో, ఏమి చూడలేదో ముందుగా తెలుసుకోవాలి.

వాపు ఎందుకు వస్తుంది?

ముల్లు గుచ్చుకున్న వేలు ఎర్రబారుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. ఈ నాలుగు లక్షణాలను సుమారు రెండువేల సంవత్సరాల క్రితం రోమను రచయిత సెల్సస్ లెక్కపెట్టి వ్రాశాడు. మన సుశ్రుతాచార్యులు వ్రణశోథాన్ని ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు దశలుగా విడదీసి, ఏ దశలో శస్త్రం పట్టాలో, ఏ దశలో పట్టరాదో నిర్ణయించారు. వాపు అనేది నిజానికి శరీరం చేసుకునే రక్షణకార్యం. రోగనిరోధక కణాలు రక్తనాళాల నుండి బయటికి వచ్చి దెబ్బతిన్న చోటికి చేరడం వలన కలిగేదే ఆ ఎరుపు, ఆ వేడి. పని ముగిశాక అవి వెనుదిరగాలి. వెనుదిరగక నెలలు, సంవత్సరాలు అక్కడే తిష్ఠ వేస్తే కాపలాదారులే ఇంటిని తవ్వడం మొదలుపెడతారు. కీళ్ళలోని మృదులాస్థి కరుగుతుంది, ఎముక అంచులు గరుకుతేరుతాయి.

కణాలకు “రండి” అని కబురు పంపేవి కొన్ని కొవ్వు పదార్థాలు. ప్రతి కణం పొరలోను అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు దాగి ఉంటుంది. దెబ్బ తగలగానే అది విడుదలై రెండు దారులలో ప్రవహిస్తుంది. ధవళేశ్వరం నుండి వచ్చే నీటితో బ్రతికే మా కోనసీమవారికి ఈ విషయం చెప్పడం తేలిక. ఒక పెద్ద కాలువ వచ్చి రెండు పిల్లకాలువలుగా చీలినదనుకోండి. మొదటి పిల్లకాలువ తలుపు సైక్లోఆక్సిజినేజ్ అనే ఎంజైము. శాస్త్రజ్ఞులు ముద్దుగా కాక్స్ అంటారు. దీనిగుండా పోయిన అరాకిడోనిక్ ఆమ్లం ప్రోస్టాగ్లాండిన్లుగా మారి నొప్పిని, జ్వరాన్ని, వాపును కలిగిస్తుంది. రెండవ పిల్లకాలువ తలుపు లైపాక్సిజినేజ్, పొట్టిగా లాక్స్. ఇందులో అనేక రకాలు ఉన్నా మనకిక్కడ ముఖ్యమైనది ఐదవ నంబరు లాక్స్. దీనిగుండా పోయినది ల్యూకోట్రైయీన్లుగా మారుతుంది. ఇవి తెల్లకణాలను గుంపులు గుంపులుగా పిలుస్తాయి, ఊపిరితిత్తులలో గాలిగొట్టాలను బిగిస్తాయి.

ఆస్పిరిన్ వంటి బిళ్ళలు మొదటి తలుపును మూస్తాయని 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ నిరూపించారు. ఆయనకు, స్వీడను శాస్త్రజ్ఞులు బెర్గ్‌స్ట్రామ్, సామ్యుయెల్సన్‌లకు కలిపి 1982లో నోబెల్ బహుమతి ఇచ్చారు. చిక్కు ఏమిటంటే ఆ తలుపు వెనుక పొలాన్ని ముంచే నీరే కాదు, తాగే నీరు కూడా ఉన్నది. జీర్ణకోశపు లోపలి పొరను కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తప్రసారం సరిగా ఉంచేవీ ప్రోస్టాగ్లాండిన్లే. అందుచేతనే నొప్పి బిళ్ళ ఎక్కువైతే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కాక్స్ ఒకటి కాదు, రెండు అని 1991లో తేలింది. ఒకటవది నిత్యం ఇంటిపని చూసుకునేది, రెండవది ముఖ్యంగా వాపు వచ్చినప్పుడు పెరిగేది. రెండవదానిని మాత్రమే మూసే మందు దొరికితే కడుపు బాధ తప్పుతుందని ఔషధ కంపెనీలు ఉరుకులు పరుగులు పెట్టాయి. 1998 చివరలో అమెరికాలో సెలకాక్సిబ్, 1999లో రోఫెకాక్సిబ్ వచ్చాయి. కడుపు సంగతి కొంత మెరుగుపడిన మాట నిజమే. గుండెపోట్లు, పక్షవాతం పెరుగుతున్నవని తెలియడంతో రోఫెకాక్సిబ్‌ను 2004 సెప్టెంబరులో దాని తయారీదారులే ప్రపంచమంతటా ఉపసంహరించుకున్నారు. మన దేశంలోనూ ఆ సంవత్సరమే దానిని నిషేధించారు.

ఇక రెండవ పిల్లకాలువ సంగతి. ఒక తలుపు బిగించితే నీరు రెండవ దారిలోకి ఎగదన్నడం మా రైతులకు కొత్త కాదు. ఉబ్బసం ఉన్న కొందరికి ఆస్పిరిన్ మింగిన గంటలోనే ఆయాసం రావడానికి కారణం ఇదే. కాక్స్ మూతపడగా ల్యూకోట్రైయీన్లు పొంగుతాయి. కాబట్టి రెండు తలుపులనూ కొద్దికొద్దిగా వంచగల పదార్థం ఏదైనా ప్రకృతిలో ఉన్నదా అన్న అన్వేషణ మొదలైంది.

బంగాళాదుంపతో మొదలైన పని

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రాల ఆచార్యులుగా పనిచేసిన పల్లు రెడ్డన్నగారు తమ పరిశోధన జీవితంలో పెద్ద భాగాన్ని ఈ రెండు ఎంజైముల అధ్యయనానికే వినియోగించారు. ఒక మొక్కలోని పదార్థం లాక్స్‌ను అడ్డుతుందో లేదో చూడాలంటే ముందుగా శుద్ధమైన లాక్స్ చేతిలో ఉండాలి. మనిషి తెల్లకణాల నుండి దానిని తీయడం ఖర్చుతో కూడిన పని. అయితే అటువంటి ఎంజైమే బంగాళాదుంపలో ఉన్నది! దుంప నుండి దానిని శుద్ధిచేసే విధానాన్ని రెడ్డన్నగారు అమెరికాలోని సహచరులతో కలిసి 1990లో ప్రచురించారు. ఇంటింటా బుట్టలో పడి ఉండే దుంప ఈ విధంగా మందుల పరీక్షకు ఒరగల్లు అయినది.

ఇక్కడ ఒక మాట. “దుంపలు వాతం చేస్తాయని అమ్మమ్మలు చెప్పినది ఇందుకేనా?” అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. అందుకు కాదు. ఉడికించిన దుంపలో ఆ ఎంజైము నశిస్తుంది. పచ్చిదానిని ఎవరూ తినరు. అమ్మమ్మల మాటకు కారణాలు వేరు, వాటి కథ వేరు.

2000లో రెడ్డన్నగారి బృందం, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మద్యస్థగారితో కలిసి, స్పిరులినా అనే నాచులోని నీలిరంగు పదార్థాన్ని పరీక్షించింది. దాని పేరు సి-ఫైకోసయనిన్. ఇది మొదటి కాక్స్ జోలికి అంతగా పోకుండా రెండవ కాక్స్‌ను అడ్డుతున్నదని వారు ప్రకటించారు. స్పిరులినా మన ఇళ్ళలో వాడుకలో ఉన్నది కాదు గనుక దానిని ఇంతటితో విడిచి కరక్కాయకు వస్తాను.

కరక్కాయలో దొరికినది

హరీతకి గురించి మన గ్రంథాలు ఎంత చెప్పాయో వేరుగా వ్రాయనక్కరలేదు. ఉప్పు తప్ప అయిదు రుచులూ ఉన్న కాయ అది. పసిపిల్లకు సానరాయి మీద అరగదీసి నాకిస్తాం, దగ్గు వస్తే ముక్క బుగ్గన పెట్టుకుంటాం. ఆ కాయలో వగరును ఇచ్చే పదార్థాలలో చెబులాజిక్ ఆమ్లం ఒకటి. కరక్కాయ శాస్త్రీయ నామమైన టెర్మినేలియా చెబులా నుండే దీనికి ఆ పేరు వచ్చింది.

ఈ ఆమ్లాన్ని కాయల నుండి విడదీసి, కాక్స్, లాక్స్ ఎంజైములపై పరీక్షించి, రెడ్డన్నగారి బృందం 2009లో ఫలితాలు ప్రచురించింది. మొదటి కాక్స్‌ను బలహీనంగాను, రెండవ కాక్స్‌ను, ఐదవ లాక్స్‌ను బలంగాను ఇది అడ్డుకున్నది. రెండు పిల్లకాలువల తలుపులనూ వంచగల పదార్థం మన పెరటి వైద్యంలోనే ఉన్నదన్నమాట. పెద్దపేగు క్యాన్సరు కణాలను గాజుపాత్రలో పెంచి వాటిపై ప్రయోగించినప్పుడు అవి తమంతట తాము నశించే దారి పట్టినవని కూడా ఆ వ్యాసంలోనే తెలిపారు.

అదే సంవత్సరం మరొక ప్రయోగం ప్రచురించారు. రోగనిరోధక శాస్త్రంలో మాక్రోఫేజ్ అనే భక్షకకణాలు ఉన్నవి. శరీరంలో ఇవి పాకీపని, కాపలాపని రెండూ చేస్తాయి. ఎలుకకు చెందిన ఇటువంటి కణాలను పాత్రలో పెంచి, వాటికి బాక్టీరియా పైపొర నుండి తీసిన విషపదార్థాన్ని చూపితే, శత్రువు వచ్చాడనుకుని అవి వాపును పుట్టించే రసాయనాలను కుమ్మరిస్తాయి. ఇంటికి దొంగ రాకపోయినా దొంగ చొక్కా చూసి కుక్క మొరిగినట్లు! చెబులాజిక్ ఆమ్లం ముందుగా ఇచ్చిన కణాలలో ఈ కుమ్మరింపు తగ్గింది. కణకేంద్రకంలో వాపు జన్యువులను మేల్కొలిపే ఎన్.ఎఫ్.కప్పా-బి అనే కీలకప్రోటీను లోనికి పోకుండా అది ఆపుతున్నదని వారు చూపారు. అంటే తలుపులు వంచడమే కాక, తలుపులు తీయమని వచ్చే ఉత్తరువును కూడా అది కొంతవరకు ఆపగలదు.

ఆయుర్వేద వైద్యునిగా ఇది చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. మా గురువుగారు దీర్ఘకాలపు కీళ్ళవాపుకు ముందు కడుపు శుద్ధి చేయమని హరీతకినే ఇచ్చేవారు. అయితే సంతోషం వేరు, మోతాదు వేయడం వేరు.

గాజుపాత్ర నుండి మోకాలి వరకు

పై ప్రయోగాలన్నీ గాజుపాత్రలో జరిగినవి. పాత్రలోని కణానికి మందు నేరుగా అందుతుంది. మనం మింగిన కరక్కాయ పొడి మోకాలికి చేరాలంటే జఠరం, పేగులు, కాలేయం, రక్తం దాటి పోవాలి. చెబులాజిక్ ఆమ్లం పెద్ద అణువు. పేగు గోడ దాటి రక్తంలోకి ఉన్నది ఉన్నట్లుగా చేరేది చాలా తక్కువ. పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఈ జాతి పదార్థాలను విరిచి యూరోలిథిన్లు అనే చిన్న అణువులుగా మారుస్తాయి, రక్తంలోకి చేరేవి ఎక్కువగా అవే. ఆ సూక్ష్మజీవులు అందరి పేగులలో ఒకే విధంగా ఉండవు. ఒకే చూర్ణం అక్కకు గుణమిచ్చి చెల్లెలికి ఇవ్వకపోవడం మనం చూస్తూనే ఉంటాం. అందుకు ఇదొక కారణం కావచ్చు. ప్రకృతిభేదం అని మనవారు అన్నది ఇటువంటి వాటిని చూసే.

పసుపు విషయం మరీ చిత్రమైనది. వంటింటి పసుపులో కర్కుమిన్ సుమారు నూటికి మూడు పాళ్ళు మాత్రమే. ఒక గ్రాము కర్కుమిన్ కడుపులో పడాలంటే ముప్పై గ్రాములకు పైగా పసుపు తినాలి! పడినా రక్తంలోకి చేరేది స్వల్పం. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు రెండు గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల మిరియాల సారం పైపెరిన్‌ను మనుషులకు ఇచ్చి చూడగా, రక్తంలోకి చేరినది ఇరవై రెట్లు పెరిగింది. దీనితో మార్కెట్టులో పసుపు, మిరియాలు కలిపిన గొట్టాల అమ్మకం ఊపందుకుంది. మరొకవైపు, గాజుపాత్ర పరీక్షలలో కర్కుమిన్ అనేక ఎంజైములను అడ్డుతున్నట్లు అబద్ధపు సంకేతాలు ఇస్తుందని, పరీక్షనే తప్పుదారి పట్టించే స్వభావం దానికి ఉన్నదని 2017లో ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు గట్టిగా హెచ్చరించారు. పాత్రలో గెలిచినదల్లా మందు కాదు అనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

కాబట్టి మనుషులపై జరిగిన పరీక్షలనే చూడాలి. అవి కొన్ని ఉన్నవి.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో ఉషారాణిగారి బృందం, రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువైన 110 మందికి 24 వారాలపాటు కరక్కాయ సారం, తానికాయ సారం, ఉత్తుత్తి బిళ్ళ, ఫెబుక్సోస్టాట్ అనే ఆధునిక ఔషధం, వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క వర్గానికి ఇచ్చి 2016లో ఫలితాలు ప్రచురించింది. ఇది వాతరక్తానికి సంబంధించిన పరీక్ష. మూలికలలో తానికాయ ఎక్కువ మోతాదు బాగా పనిచేసింది. ఆధునిక ఔషధం వాటన్నిటికన్న ముందున్నది. మనమంతా కరక్కాయను నెత్తిన పెట్టుకుంటే పరీక్షలో చెల్లెలు తానికాయ మార్కులు కొట్టేసింది! త్రిఫలలో మూడింటినీ ఎందుకు కలిపారో ఆలోచించదగిన విషయం.

థాయిలాండులో మోకాలి సంధివాతం ఉన్న 367 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, మరొక వర్గానికి 1200 మిల్లీగ్రాముల ఐబూప్రొఫెన్ నాలుగు వారాలు ఇచ్చారు. 2014లో ప్రచురితమైన ఈ పరీక్షలో పసుపు నొప్పి తగ్గించడంలో ఐబూప్రొఫెన్‌కు తీసిపోలేదు. కడుపునొప్పి, కడుపులో అసౌకర్యం మాత్రం తక్కువ. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 70 మందిపై జరిగి 2020లో వెలువడిన పరీక్ష ఇంకొక అడుగు ముందుకు వేసింది. పన్నెండు వారాల తరువాత పసుపు వర్గంలో నొప్పి తగ్గింది. కాని యంత్రంతో మోకాలి లోపలికి చూస్తే నీరు, వాపు ఉత్తుత్తి బిళ్ళ వర్గంలో వలెనే ఉన్నవి. ఈ ఒక్క విషయం పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవాలి. నొప్పి తగ్గినంత మాత్రాన లోపలి వాపు తగ్గినట్లు కాదు.

మనకు దగ్గరలోనే, ఏలూరు ఆశ్రం వైద్యకళాశాలలో, అందుగు చెట్టు బంక నుండి తీసిన సారాన్ని మోకాలి సంధివాతం ఉన్న 75 మందికి 90 రోజులు ఇచ్చి పరీక్షించారు. ఐదవ లాక్స్‌ను అడ్డడమే దీని ప్రత్యేకత. నొప్పి, కదలిక రెండూ మెరుగైనవని 2008లో ప్రచురించారు. దానిని తయారుచేసిన సంస్థవారే పరీక్షలో భాగస్వాములు కనుక నేను ఆ ఫలితాన్ని ఒక మెట్టు తగ్గించి చూస్తాను. కొట్టిపారేయను.

సంధివాతమా, ఆమవాతమా?

పై పరీక్షలలో మోకాళ్ళకు సంబంధించినవన్నీ సంధివాతంపై జరిగినవే అని గమనించండి. వయసు, బరువు, శ్రమ వలన అరిగిన కీలు అది. నడిస్తే నొప్పి, కూర్చుంటే ఉపశమనం. ఆమవాతం దీనికి పూర్తిగా భిన్నం. ఏడెనిమిది శతాబ్దాల నాటి మాధవకరుడు తన నిదాన గ్రంథంలో ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా చెప్పాడు. ఆధునికులు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనేది చాలావరకు దీనికి దగ్గర. రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ళనే శత్రువులుగా భావించి కొరికే వ్యాధి. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోక, తెరుచుకోక గంటసేపు బిగిసి ఉండడం, రెండు చేతులలోను ఒకే రకం చిన్నకీళ్ళు మెత్తగా వాచడం, నీరసం, కొద్దిపాటి జ్వరం దీని గుర్తులు. నలభై ఏళ్ళ స్త్రీలో ఇవి కనిపిస్తే పసుపుపాలతో కాలక్షేపం చేయరాదు.

మా పక్క గ్రామపు గృహిణి ఒకామెకు ఈ వ్యాధి ఉన్నదని కాకినాడలో నిపుణులు తేల్చి మెథోట్రెక్సేట్ ఇచ్చారు. బిళ్ళ పడ్డాక చేతులు బాగానే తెరుచుకున్నవి. “అది క్యాన్సరు మందు” అని ఎవరో చెప్పగా భయపడి, కరక్కాయ చూర్ణం, పసుపు గొట్టాలు మొదలుపెట్టి బిళ్ళ మానివేసింది. మొదటి నెల బాగానే ఉన్నదట. ఆరు నెలలకు నా వద్దకు వచ్చేసరికి కుడిచేతి రెండు వేళ్ళు పక్కకు ఒరిగాయి. “ఇప్పుడు చెయ్యి చూడండి అన్నయ్యగారూ, జడ వేసుకోడానికి కూడా రావట్లేదండీ” అన్నది. ఆ రోజే ఆమెను తిరిగి నిపుణుల వద్దకు పంపాను. వాపు మళ్ళీ అదుపులోకి వచ్చింది, ఒరిగిన వేళ్ళు మాత్రం అట్లాగే ఉన్నవి.

మెథోట్రెక్సేట్ మనకు పరాయి మందు అనుకునేవారికి ఒక సంగతి. దానిని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేయించినవారు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికా వెళ్ళకముందు ఆయన మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులు! ఎక్కువ మోతాదులో అది క్యాన్సరు మందే. ఆమవాతానికి వారానికి ఒక్కసారి, చాలా తక్కువ మోతాదులో ఇస్తారు. అమెరికా ప్రభుత్వం ఈ వాడుకకు 1988లో అనుమతి ఇచ్చింది. దీనిని వాడేవారు వారానికి ఒకసారి అన్న మాటను మరచి రోజూ మింగితే ప్రాణాపాయం. రక్తపరీక్షలు క్రమంగా చేయించుకోవాలి, గర్భిణులు వాడరాదు. కరక్కాయలోని ఆమ్లం ఎలుక కణాలలో వాపును తగ్గించిందన్న ఆధారంతో ఈ మందును మానడం కీళ్ళను పణంగా పెట్టడమే.

ఇంట్లో వాడుకొనే పద్ధతి

సంధివాతం ఉన్నవారికి, మలబద్ధకం కూడా తోడైతే, నేను చెప్పేది ఇది. గింజ తీసివేసిన కరక్కాయ పెచ్చులను దోరగా వేయించి దంచి, వస్త్రగాళితం పట్టి సీసాలో ఉంచుకోండి. రాత్రి పడుకోబోయే ముందు అర చెంచాడు, అంటే మూడు గ్రాముల లోపు, గోరువెచ్చని నీటితో మొదలుపెట్టండి. విరేచనం సాఫీగా అయితే అదే చాలు, పెంచవద్దు. త్రిఫల చూర్ణమైనా ఇదే కొలత. ఋతువును బట్టి అనుపానం మార్చడం మన సంప్రదాయం. వర్షాకాలంలో సైంధవలవణం, శరత్తులో పంచదార, హేమంతంలో శొంఠి, శిశిరంలో పిప్పళ్ళు, వసంతంలో తేనె, గ్రీష్మంలో బెల్లం. మధుమేహం ఉన్నవారు బెల్లం, పంచదార, తేనెల జోలికి పోక వేడినీటితోనే పుచ్చుకోవాలి.

గర్భిణులు, బాగా చిక్కిపోయినవారు, ఉపవాసంలో ఉన్నవారు, విరేచనాలతో బాధపడేవారు కరక్కాయ వాడరాదు. దానిలోని వగరు ఆహారంలోని ఇనుమును పట్టివేస్తుంది గనుక రక్తహీనతకు ఇనుము బిళ్ళలు వాడే స్త్రీలు ఆ బిళ్ళ ఉదయం, చూర్ణం రాత్రి వేసుకోవాలి.

పసుపు విషయంలో వంటకు వాడే మోతాదుకు భయమేమీ లేదు. పాలలో పావు చెంచాడు పసుపు, రెండు మిరియాలు నలిపి వేసి కాచుకుంటే మంచిదే. పాలలోని వెన్న కూడా సాయపడుతుంది. గొట్టాల రూపంలో గాఢమైన సారం వేరు సంగతి. 2004 నుండి 2022 వరకు అమెరికాలోని ఒక కాలేయ పరిశోధక బృందం నమోదు చేసిన కేసులలో పది మందికి ఇటువంటి పసుపు మందుల వలన కాలేయం దెబ్బతిన్నది, ఒకరు మరణించారు. వంటింటి పసుపుతో ఇటువంటిది నేను చూడలేదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారు, మెథోట్రెక్సేట్ వాడేవారు గొట్టాలు వేసుకునే ముందు తమ వైద్యునికి తప్పక చెప్పాలి. మిరియాల సారం ఇతర మందులను కూడా రక్తంలోకి ఎక్కువగా లాగుతుంది.

మరీ పచ్చగా మెరిసే విడి పసుపు కొనవద్దు. సీసం కలిసిన రంగు వేసి అమ్మడం మన దేశంలోనూ, బంగ్లాదేశ్‌లోనూ బయటపడింది. కొమ్ములు కొని, కడిగి, ఎండబెట్టి, కళ్ళెదుట మర పట్టించుకోండి. కొమ్ములకు కూడా రంగు పూస్తారు కనుక విరిచి చూస్తే లోపలి రంగు, పైరంగు తెలుస్తాయి.

వాచిన మోకాలికి వావిలాకు కాపడం మా ప్రాంతంలో వాడుక. ఆకును ఆముదంలో వెచ్చజేసి గుడ్డలో మూటగట్టి పదిహేను నిమిషాలు అద్దితే బిగువు సడలుతుంది. కీలు ఎర్రగా, ముట్టుకోలేనంత వేడిగా ఉన్నప్పుడు మాత్రం కాపడం పెట్టకండి. ఒక్క కీలు హఠాత్తుగా అట్లా వాచి జ్వరం వస్తే అది చీము కావచ్చును, ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. ఎండుచేపల పనివారు పీట వేసుకుని కూర్చోవడం, గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడం నేను ఇచ్చే చూర్ణాలన్నిటికన్న ఎక్కువ గుణమిచ్చింది. మా వీధిలో కొందరు ఇప్పుడు అడుగు ఎత్తు పీటలు చేయించుకున్నారు.

రోజూ నొప్పి బిళ్ళ వాడేవారు దానిని తగ్గించదలిస్తే ముందు మూత్రపిండాల పనితీరుకు క్రియాటినిన్ పరీక్ష, రక్తపోటు చూపించుకుని రండి. ఆ చీటీ చేతిలో ఉంటే ఏ బిళ్ళ మానవచ్చునో, ఏది మానరాదో చెప్పడం ఏ వైద్యునికైనా తేలిక.